నారు కొనలు – నవల వేళ్ళు

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

ఒక నవలను సినిమాగా తీశారంటే చాలు, మన తెలుగువాళ్ళం రెండు పార్టీలైపోతాం. నవల చదివినవాళ్ళది ఒక పార్టీ. "ఉన్నది ఉన్నట్టు తియ్యలేనప్పుడు ఆ పుస్తకం పేరెందుకు వాడుకోవాలి?" అంటారు వీళ్ళు. సినిమాను సినిమాగా చూసేవాళ్ళది రెండో పార్టీ. "పుస్తకం పుస్తకమే, సినిమా సినిమాయే. ప్రతి అక్షరం కావాలంటే ఇంట్లో కూర్చుని పుస్తకమే చదువుకోండి" అంటారు వీళ్ళు. మన హాస్టల్ మెస్సులో సాంబారు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా సాగే వాదనల్లో ఇదొకటి. 2022లో ఒక భాగమూ, 2023లో ఒక భాగమూ వచ్చిన మణిరత్నం గారి 'పొన్నియిన్ సెల్వన్' మీద మొదలైన తగాదా ఇప్పటికీ తెగలేదు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మిత్రుడొకడు కల్కి గారి అయిదు సంపుటాల నవలనూ తమిళంలోనే చదివినవాడు. సేందన్ అముదన్ కథను కుదించేశారని అతని బాధ. పక్కనే కూర్చున్న ఇంకో మిత్రుడు నవల అట్ట కూడా చూడనివాడు. "నాకు ఆ ముగ్గురు నలుగురు రాజుల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేసరికే ఇంటర్వెల్ అయిపోయింది" అని అతని బాధ!

ఈ ఇద్దరి మాటలూ చాలాసార్లు విన్న మీదట నాకు తోచిన అభిప్రాయాన్ని మన సావనీరు పాఠకుల ముందు పెడుతున్నాను. నేను సాహిత్య విద్యార్థిని కాను. చదివేది రసాయనశాస్త్రం, పుట్టింది వరి పండించే ఇంట్లో. కాబట్టి పెద్ద పెద్ద విమర్శకుల మాటలు నా దగ్గర దొరకవు. నాకు తెలిసిన పద్ధతిలోనే చెబుతాను.

ముందుగా, మార్చకుండా తియ్యడం సాధ్యమా అన్నది చూద్దాం. నాలుగువందల పేజీల నవల చదవడానికి తక్కువలో తక్కువ పదిగంటలు పడుతుంది. సినిమా రెండున్నర గంటలు, మహా అయితే మూడు. పదిగంటల సరుకును మూడుగంటల సంచిలో పొయ్యాలంటే కొంత బయట పెట్టక తప్పదు. ఇది లెక్క, అభిప్రాయం కాదు. పైగా నవలలో "ఆమె మనసు కలుక్కుమంది" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. కెమేరాకి మనసు కనపడదు, ముఖమే కనపడుతుంది. ఆ ఒక్క వాక్యానికీ ఒక సన్నివేశం కల్పించాలి, లేదా ఒక పాటైనా పెట్టాలి.

అసలు రచయితలే తమ రచనలను ఉన్నదున్నట్టు ఉంచరు. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన 'కన్యాశుల్కం' నాటకాన్ని గురజాడ వారే 1909లో ఎంతగానో పెంచి, మార్చి, దాదాపు కొత్త నాటకంలా మళ్ళీ ప్రచురించారు. ఈనాడు మనం ఆనందించేది ఆ మార్చిన నాటకాన్నే. రాసినాయనకే లేని పట్టుదల చదివిన మనకెందుకు?

ఇంకో సంగతి. చదివేవాడు ప్రతి ఒక్కడూ తలలో తన సొంత సినిమా తీసుకుంటాడు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' చదివిన ప్రతి ఆడపిల్లకూ తనదైన రాజశేఖరం ఒకడు ఉండేవాడట. 1976లో అదే నవల సినిమాగా వచ్చినప్పుడు రాజశేఖరంగా కనిపించినది అప్పటికే యాభై దాటిన అక్కినేని నాగేశ్వరరావు గారు. ఆయన ఎంత గొప్ప నటుడైతేనేం, వేలమంది తలల్లోని వేలమంది రాజశేఖరాలతో ఒక్క మనిషి ఎలా పోటీ పడగలడు? చదివినవాళ్ళ అసంతృప్తిలో సగం ఇలాంటిదే. దానికి ఏ దర్శకుడూ మందు ఇవ్వలేడు.

అయితే "ఎలా మార్చినా ఫరవాలేదు" అనే రెండో పార్టీలో నేను చేరిపోయానని అనుకోకండి. నేను అడిగేది వేరే ప్రశ్న. సినిమావాళ్ళు నవలను పాడుచేస్తే నష్టపోయేది ఎవరు?

చదివినవాడు నష్టపోడు. అతని పుస్తకం అతని దగ్గరే ఉంది. సినిమా నచ్చకపోతే ఆ రాత్రే పుస్తకం తీసి మళ్ళీ చదువుకోవచ్చు. ఒక్క అక్షరం కూడా చెరిగిపోదు. నష్టమల్లా చదవనివాడికే. చదవడం రానివాడికి, చదివే తీరిక లేనివాడికి, పుస్తకం దొరకని ఊళ్ళో ఉన్నవాడికి ఆ సినిమాయే నవల. అందులో లేనిదేదీ వాళ్ళకు ఇక ఉండదు. ఈ తగాదాలో ఎక్కువగా అరిచేది నష్టం లేనివాడు. నష్టపోయినవాడికి తను నష్టపోయాననే సంగతే తెలియదు. అందుకే మెస్సులో వాదించుకునే రెండు పార్టీలకూ అతను గుర్తురాడు.

మా నాయనమ్మకు సంతకం చెయ్యడం తప్ప చదువు రాదు. శరత్‌బాబు 1917లో బెంగాలీలో రాసిన 'దేవదాసు' కథ మాత్రం ఆవిడకు మొదటినుంచి చివరిదాకా తెలుసు. ఎలా తెలుసు? వేదాంతం రాఘవయ్య గారు 1953లో తీసిన సినిమావల్ల. టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని చూసిందట. "గుమ్మందాకా వచ్చి చచ్చిపోయాడురా నాయనా, ఆ పిల్ల చూసుకోనేలేదు" అని ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. శరత్ అనే పేరు ఆవిడ ఎరగదు. కానీ శరత్ చెప్పదలచుకున్నది ఆవిడకు చేరింది. జనం ఏడుస్తారేమో, డబ్బులు రావేమో అని భయపడి చివర్లో పార్వతికీ దేవదాసుకూ పెళ్ళి చేసేసి ఉంటే? చదివినవాళ్ళు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాళ్ళు. మా నాయనమ్మకు మాత్రం దేవదాసు అంటే పెళ్ళిభోజనాలతో ముగిసే ఇంకో సినిమా కథ అయ్యేది.

మరి ఏం మార్చవచ్చు, ఏం మార్చకూడదు? దీనికి మా పొలంలోనే నాకొక పద్ధతి కనిపిస్తుంది. ఊడ్పులప్పుడు ఆకుమడిలో నారు పీకి కట్టలు కడతారు. ముదిరిన నారైతే కొనలు తుంచి మరీ నాటుతారు. కాండం తొలిచే పురుగు గుడ్లు పెట్టేది ఆకుల కొనల దగ్గరే కాబట్టి కొనలు తుంచితే ఆ గుడ్లు కూడా పోతాయి. తుంచిన నారు నాలుగు రోజులు దిగాలుగా కనిపించినా, తర్వాత తేరుకుని పిలకలు వేస్తుంది. కానీ వేళ్ళు తెంపి నాటే రైతును నేనింతవరకు చూడలేదు. ఆకుమడి మట్టినంతా తవ్వి మోసుకొచ్చే రైతునూ చూడలేదు. నవలను తెరకు ఎక్కించడం కూడా ఊడ్పులాంటిదే. కొనలు తుంచుకో, పాత మట్టి వదిలెయ్యి, వేళ్ళు మాత్రం తెంపకు.

"వేరంటే ఏమిటి?" అని మిత్రులు నిలదీస్తారు. నా ఉద్దేశంలో వేరంటే సంఘటన కాదు, సంభాషణ కాదు, ముగింపు కూడా కాకపోవచ్చు. ఆ పాత్ర ఏ కష్టంలో నిలబడి ఆ పని చేసిందో, ఆ కష్టమే వేరు. ఉదాహరణలు చూద్దాం.

ప్రేమ్‌చంద్ గారి 'కఫన్' చిన్న కథ. గుడిసెలో కోడలు పురిటినొప్పులతో అరుస్తూ ఉంటుంది. బయట నెగడు దగ్గర మామా మొగుడూ బంగాళాదుంపలు కాల్చుకుని తింటూ ఉంటారు. ఆ పిల్ల చచ్చిపోతుంది. శవంమీద కప్పే గుడ్డకోసం అడుక్కున్న డబ్బుతో వాళ్ళు తాగుతారు. ఈ కథను మృణాల్‌సేన్ గారు 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీశారు. హిందీ, ఉర్దూలలో రాసిన కథ, బెంగాలీ దర్శకుడు, తెలుగు పల్లె! మార్పులు కావలసినన్ని ఉన్నాయి. కథలో ఆ కోడలికి అరుపులే తప్ప ఒక్క మాటైనా లేదు. సినిమాలో ఆమెకు పెళ్ళి ఉంది, కాపురం ఉంది, ఆ సోమరి ఇంటిని నిలబెట్టాలనే తాపత్రయం ఉంది. సినిమా నిడివికోసం పొడిగించింది కాదది. ఆమెను బతికి ఉండగా చూస్తేనే గదా చావు విలువ తెలిసేది! వేరు మాత్రం చెక్కుచెదరలేదు. రాత్రింబగళ్ళు కష్టపడేవాడి బతుకూ, కష్టపడనివాడి బతుకూ ఒక్కలాగే ఉన్నప్పుడు ఎందుకు కష్టపడాలి అన్నది ఆ కథ వేరు. ఆ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ సినిమాను మా ఇంట్లో అందరికీ చూపించాను. మా నాన్న సగం దాకా మాట్లాడలేదు. తర్వాత, "వాడు చెప్పేదాంట్లో తప్పేముంది? కౌలు పోను, మందులు పోను, నాకు మిగిలిందేమిటో చెప్పు" అన్నాడు. నాయనమ్మ ప్రశ్న ఇంకోటి. "ఆ పిల్ల అంతసేపు అరుస్తుంటే ఊళ్ళో మంత్రసానే లేదట్రా?" ఈ రెండు ప్రశ్నలూ ప్రేమ్‌చంద్ తన పాఠకుడినుంచి కోరుకున్న ప్రశ్నలే. పుస్తకం పట్టుకోని ఇద్దరు మనుషులకు అవి నేరుగా అందాయి. నమ్మకంగా తియ్యడం అంటే ఇదీ అంటాను నేను.

మార్చకుండా వదిలిన చోట కూడా ఇదే సూత్రం. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'వెన్నెల్లో ఆడపిల్ల' నవలను 1995లో కన్నడంలో సునీల్‌కుమార్ దేశాయి గారు 'బెళదింగళ బాలె' అని తీశారు. ఫోనులో గొంతు మాత్రమే వినిపించే అమ్మాయి ఆ కథకు ప్రాణం. ఆ అమ్మాయి ముఖం తెరమీద చూపించనే లేదు. సినిమా అన్నాక కథానాయిక అందం చూపించకుండా ఉండడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? భాష మారింది, ఊరు మారింది, ఆ నిగ్రహం మాత్రం మారలేదు. చదవని కన్నడ ప్రేక్షకుడు కూడా ఆ ఎదురుచూపును మనలాగే అనుభవించాడు.

ఇక వేరు తెగిన సంగతి. డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' మనకున్న మంచి నవలల్లో ఒకటి. 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చింది. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. ఇల్లు ఆమె జీతంమీద నడవాలి, తండ్రి బరువు ఆమే మొయ్యాలి. మంచిదనిపించుకుందామనే ఆశ ఆమెకు లేదు, బతకాలనే పంతం ఉంది. తప్పులు చేస్తుంది, ఏడుస్తూ కూర్చోదు, ఎవరో వచ్చి ఉద్ధరిస్తారని చూడదు. మన నవలల్లో అంతకుముందు ఇలాంటి అమ్మాయి ఎక్కడుంది? శ్రీదేవి గారు 1961లో, ముప్ఫయి రెండేళ్ళు కూడా నిండకుండానే కన్నుమూశారు. 1963లో ఆ నవల ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' వచ్చింది. ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వం, నాగేశ్వరరావు గారు, సావిత్రి గారు, కృష్ణకుమారి గారు. పాటలు బాగుంటాయి, నవ్వు బాగుంటుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చు. సినిమాగా దాన్ని నేను నిందించను. కానీ ఇందిర అందులో లేదు. ఆమె మోసిన బరువు తీసేశాక, మిగిలిన అమ్మాయి ఎంత చలాకీగా ఉంటేనేం, ఆమె ఇందిర కాదు. అది వేరు తెంపి నాటిన నారు. అడ్డం చెప్పడానికి రచయిత్రి అప్పటికి లేరు.

మా అమ్మ పదో తరగతి చదివింది. ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా చూసేది, పాటలన్నీ వచ్చు. దాని వెనక ఒక నవల ఉందనే సంగతి ఆమెకు తెలియదు. మన కాలేజీ లైబ్రరీనుంచి నేను ఆ పుస్తకం తీసుకెళ్ళి ఇస్తే, గేదె పాలు పితికి, గిన్నెలు కడుక్కున్నాక రాత్రిపూట చదివి ఎనిమిది రోజుల్లో ముగించింది. "సినిమాలో ఈ పిల్లేదిరా?" అన్నది ఆమె మొదటి మాట. కాసేపాగి, "అత్తయ్య ఆ రోజుల్లో బండి కట్టుకుని వెళ్ళి మరీ చూసిందట ఆ సినిమా. ఈ పిల్లని చూసి ఉంటే ఎంత బాగుండేది" అంది. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ మాటవల్లనే. 1963లో ఆంధ్రదేశంలో చదువు వచ్చిన ఆడవాళ్ళు ఎందరు? ఆ నవల చదివినవాళ్ళు ఎందరు? సినిమా హాళ్ళకు బండ్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళు ఎందరు? ఇందిరను కలుసుకునే అవకాశం అన్ని ఊళ్ళ ఆడవాళ్ళకూ ఒక్కసారే వచ్చింది. అది పోయింది. పోయినట్టు వాళ్ళకు తెలియనైనా తెలియదు.

"సినిమా వ్యాపారం బాబూ, సంఘసేవ కాదు. ఆ రోజుల్లో ఇందిరను చూపిస్తే జనం ఒప్పుకుంటారా? పెట్టిన డబ్బు ఎవరిస్తారు?" అని నన్ను అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వ్యవసాయం కూడా వ్యాపారమే, నష్టం అంటే ఏమిటో మా ఇంట్లో బాగా తెలుసు. కానీ కష్టమూ, చావూ నిండిన 'దేవదాసు'కు జనం బ్రహ్మరథం పట్టారు గదా! కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' నుంచి వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' 1964లో మొట్టమొదటి నంది బహుమతి అందుకుంది గదా! జనం ఒప్పుకోరనేది జనాన్ని అడగకుండానే చెప్పే మాట. నిజంగా భయమైతే ఆ నవల ముట్టుకోవద్దు. ముగ్గురమ్మాయిల సరదా కథ కావాలంటే రాసిచ్చే రచయితలు లేకపోలేదు.

అలాగని మొదటి పార్టీ మిత్రులు సంతోషించనక్కరలేదు. ఉన్నదంతా కూరి, చదివినవాడికి తప్ప ఇంకొకడికి అర్థం కాకుండా తీసిన సినిమా కూడా చదవనివాడికి అన్యాయం చేసినట్టే. వేళ్ళతోపాటు ఆకుమడి మట్టినంతా మోసుకొచ్చినట్టు అది. పైన చెప్పిన మిత్రుడికి ఇంటర్వెల్‌దాకా రాజులెవరో తెలియకపోతే, ఆ కష్టాన్ని "నువ్వు చదవలేదు కాబట్టి" అని కొట్టిపారెయ్యడం న్యాయం కాదు. చదవనివాడికోసమే గదా సినిమా!

కాలం మారితే కథ కూడా మారవచ్చు. యద్దనపూడి వారి 'మీనా' నవలను 1973లో విజయనిర్మల గారు అదే పేరుతో తీశారు. 2016లో వచ్చిన త్రివిక్రమ్ గారి 'అ ఆ'కూ ఆ నవలే ఆధారం. నలభై మూడేళ్ళ తేడాలో బట్టలు మారాయి, కార్లు మారాయి, మాటతీరు మారింది. డబ్బున్న తల్లి పెంపకంలో ఊపిరాడని పిల్ల పల్లెటూరికి వెళ్ళి తనేమిటో తెలుసుకోవడం మాత్రం మిగిలింది. ఒకే నారు రెండు పొలాల్లో బతికిందంటే వేళ్ళు గట్టివన్నమాట.

ఇక చివరగా మనమేం చెయ్యగలం అన్నది. మద్రాసులోనో హైదరాబాదులోనో సినిమా తీసేవాళ్ళు మన సావనీరు చదువుతారనే భ్రమ నాకు లేదు. మన చేతిలో ఉన్నవే చెబుతాను. ఒకటి, మన యూనియన్ ఏటా వేసే సినిమాల్లో కనీసం రెండైనా నవలల నుంచి వచ్చినవి ఉండాలి. సినిమాకు ముందు ఆ నవలలోంచి ఒక ఘట్టం ఎవరైనా గట్టిగా చదివి వినిపించాలి. పావుగంట పని. రెండు, లైబ్రరీలో ఆ నవలలు తలుపుకు దగ్గరగా ఒక బీరువాలో పెట్టించాలి. 'కాలాతీత వ్యక్తులు' మన దగ్గర ఒకే ప్రతి ఉంది, దానికీ చివరి అట్ట లేదు. మూడోది ఖర్చు లేనిది. మెస్సులో "నవలను చంపేశారు" అని అరిచే ప్రతి మిత్రుడూ సెలవులకు వెళ్ళేటప్పుడు ఆ నవలను ఇంటికి తీసుకెళ్ళాలి. చదవగలిగినవాళ్ళకు ఇవ్వాలి, చదవలేనివాళ్ళకు చదివి వినిపించాలి.

మా ఇంట్లో అది మొదలైంది. అమ్మ రోజుకు రెండు పేజీల చొప్పున నాయనమ్మకు ఇందిర కథ వినిపిస్తోంది. నిన్న ఫోనులో నాయనమ్మ, "ఆ పిల్ల తండ్రి ఉన్నాడే, వాణ్ణి ముందు బయటికి గెంటాల్రా" అంది. అరవై ఏళ్ళు ఆలస్యంగానైనా శ్రీదేవి గారికి ఇంకో పాఠకురాలు దొరికింది.